ఆసామి ఎవరు?

మా శాఖలో అనువాదం ఎవరికీ అక్కర్లేని పని. ఎవరి బల్ల ఖాళీగా కనిపిస్తే వాళ్ల మీద పడుతుంది. నాకు తెలుగు కుదురుగా రాయడం వచ్చు, ఇంగ్లీషు తప్పుల్లేకుండా వచ్చు, ఉర్దూ కూడబలుక్కుని చదవగలను. ఆ పాపానికి జగిత్యాలలో టైపిస్టుగా చేరిన నాటి నుంచి సిరిసిల్లలో సూపరింటెండెంటుగా దిగిపోయే దాకా, కింది నుంచి తెలుగులో వచ్చిన కాగితాన్ని పైకి ఇంగ్లీషులో పంపే పని నా నెత్తినే ఉండేది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు, "ఇప్పుడు ఫోనే అన్నీ అనువాదం చేస్తది కద సార్" అంటుంటారు. చేస్తుంది. మా పై అధికారి ఒకాయన కూడా ఒకనాడు చేశారు, ఫోను లేకుండానే, రెప్పపాటులో. చేసింది ఒక్క మాట. ఆ మాట వల్ల ఒక ఆడమనిషికి ఊపిరి తీసుకునే చోటు దక్కకుండా పోయింది. ఇది ఆ మాట సంగతి.

మాట "ఆసామి".

దాన్ని నేను మొదట చూసింది జగిత్యాలలో. అప్పటికి నిజాం కాలపు భూమి కాగితాలు ఇంకా బీరువాల్లో ఉండేవి. వాటిలో "శిక్మీ ఆసామి" అని తరచుగా తగిలేది. కౌలుకు దున్నుకునేవాడని అర్థం. భూమి ఒకరిది, చెమట ఆసామిది. తర్వాత కోరుట్లకు బదిలీ అయింది. అక్కడ పసుపు అడ్తిదారులు ఏటా తమ దుకాణానికే సరుకు తెచ్చే రైతును "మా ఆసామి" అనేవారు. ఒకరి ఆసామిని ఇంకొకరు చాయ్ తాగించి తమ దుకాణానికి మళ్లించుకుంటే బజారంతా వినబడేలా గొడవ. "నా ఆసామిని గుంజుకపోతవురా, నీ దుకాణంల మన్నువడ!" అని ఒక పెద్దమనిషి తిట్టడం నా చెవులారా విన్నాను. ఆసామి మాత్రం రెండు దుకాణాల నడుమ చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడ ఆసామి అంటే గిరాకీ. పసుపు అమ్ముడుపోయిందా, మళ్లీ ఉత్త రైతే.

నాకు కుర్రతనం నుంచి డైరీ రాసే అలవాటు. వెనక పేజీల్లో ఇట్లాంటి మాటలు ఎక్కించుకునేవాణ్ణి. దేనికని మా ఆవిడ అడిగేది. కొందరు స్టాంపులు దాచుకుంటారు, అదీ అంతే.

సిరిసిల్లలో ఆ మాట మూడో వేషం వేసుకుని ఎదురైంది. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచల బతుకుకు మూడు మెట్లు. పైమెట్టు మీద సేటు. నూలు ఆయనది, గుడ్డ ఆయనది. కిందిమెట్టు మీద కార్మికుడు. సాంచ నడిపి, నేసిన మీటర్లకు కూలి తీసుకుంటాడు. నడిమిమెట్టు మీద ఆసామి. సాంచలు తనవే, కాని నూలు సేటుది. సేటు పంపిన భీములను, అంటే నూలు చుట్టిన రోలర్లను, సాంచలకెక్కించి, నేసిన గుడ్డను తిరిగి సేటుకే అప్పజెప్పి, మజూరీ తెచ్చుకోవాలి. అందులోంచి కార్మికుడికి ఇచ్చి, షెడ్డు కిరాయి, కరెంటు బిల్లు కట్టి, మిగిలితే తినాలి. సేటు ముందు కూలివాడు, కార్మికుడి ముందు యజమాని. ఆసాములే తమ మీద తాము ఒక మాట చెప్పుకుని నవ్వేవారు: "ఆసామికి రెండు వీపులుంటయి సార్. ఒకటి సేటు గుద్దెతందుకు, ఒకటి కార్మికుడు తిట్టెతందుకు."

నా సర్వీసు చివరి రోజుల్లో, ఊరి అంచున కట్టిన ఇళ్లను మరమగ్గాల వాళ్లకు పంచే పని మా కార్యాలయానికి వచ్చింది. నిబంధన సూటిగా ఉంది. కార్మికుడికి ఇల్లు ఇవ్వాలి, యజమానికి ఇవ్వకూడదు. ఆసామి ఊసే లేదు. రాసినవాళ్లు దూరాన కూర్చుని రాశారు, వాళ్లకు రెండు మెట్లే కనబడ్డాయి. ఆసాములు కూడా దరఖాస్తులు పెట్టారు. అందులో ఒకాయన కథ ఇది. ఆయనను ఆసామి అనే రాస్తాను. నేను పిలిచిందీ అట్లాగే.

నలభై దాటిన మనిషి. తండ్రి ఒకరి సాంచల మీద కూలికి పనిచేసి, ఆ సాంచల దగ్గరే కన్నుమూశాడు. ఈయన మహారాష్ట్రలోని భీవండి వెళ్లి, అక్కడి సాంచల మీద ఏళ్ల తరబడి పగలూ రాత్రీ షిఫ్టులు చేసి, తిరిగి వచ్చి ఎనిమిది పాత సాంచలు కొన్నాడు. నాలుగు తానే నడిపేవాడు. నాలుగింటికి ఒక యువకుణ్ణి కార్మికుడిగా పెట్టుకున్నాడు. భార్య కండెలు చుట్టేది. కిరాయి షెడ్డులో ఒక మూల పాత చీర పరదాగా కట్టి ఉండేది. పరదాకు ఇటు సాంచలు, అటు సంసారం. గంజి మీద, గొంగడి మీద, తాగే నీళ్ల మీద నూలు దుమ్ము. ఆమెకు ఆయాసం పట్టుకుంది. డాక్టరు మందు రాసిచ్చి, మందు కంటే ముందు ఆ షెడ్డులోంచి బయట పడాలని చెప్పాడు.

విచారణకు వెళ్లినప్పుడు ఆమె నన్ను బయట గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడింది, లోపల సాంచల చప్పుడుకు ఏమీ వినబడదని.

"నాకు బంగ్ల వద్దు సార్. గీ సప్పుడు ఇనవడని కాడ ఒక్క అర్ర ఇయ్యుండ్రి. పండుకున్నప్పుడన్న దమ్ము తీసుకుంట."

నిర్ణయం తీసుకోవాల్సింది ఇద్దరు. పెద్దగా కూర్చున్నది ఒక యువ అధికారిణి. బెంగాలు నుంచి వచ్చారు. శిక్షణలో తెలుగు నేర్చుకుని, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవారు. పక్కన గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఈ రాష్ట్రంలోనే ఉండిపోయిన సీనియర్ అధికారి ఒకరు. ఫైళ్లు చదివి వినిపించేది నేను.

మొదటి సమావేశంలో ఈయన ఫైలు తీసి, "దరఖాస్తుదారు ఆసామి" అని చదివాను.

మేడమ్ కలం ఆపారు. "ఈయన మీద కేసు ఏమిటి?"

"కేసా మేడమ్?"

"ఆసామి అన్నారు కదా. ఏం నేరం చేశాడు?"

నాకేమీ అర్థం కాలేదు. ఆవిడే నవ్వి వివరించారు. బెంగాలీలో ఆ మాటను "ఆషామి" అని పలుకుతారట. కోర్టు బోనులో నిలబడ్డ నిందితుడని అర్థమట. అందరం నవ్వాం. నా చెయ్యి డైరీ వెనక పేజీ కోసం జేబులోకి పోయింది కూడా.

"అబ్బే, అదేం కాదండీ," అన్నారు సీనియర్. "ఆసామంటే ఆసామేనండీ. మా వైపు పది ఎకరాల మాగాణి లేనిదే ఎవణ్ణీ ఆసామి అనరు. పెద్ద ఆసామి వీధిలో వస్తున్నాడంటే అరుగు మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. వాళ్లకి మనం ఇళ్లివ్వడం ఏవిటండీ, విడ్డూరం కాకపోతే!"

ఇంగ్లీషు పత్రంలో నేను "సేటు నూలును మజూరీకి నేసే మగ్గాల మనిషి" అని అర్థం వచ్చేలా కిందామీదా పడి ఒక వాక్యం రాసి ఉన్నాను. ఆయన దాని మీద గీత గీసి, పైన ఒక్క మాట రాశారు. ఓనర్.

"సార్, ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు," అన్నాను.

"మాటకి ఊరికో అర్థం ఉంటుందేంటండీ? తెలుగు తెలుగే కదా."

ఆయన చెడ్డవారు కారు. లంచం ముట్టరు, టైముకు వస్తారు, బీదవాళ్లకు దక్కాల్సింది డబ్బున్నవాళ్లు తన్నుకుపోతారని నిజంగానే భయపడేవారు. చెడ్డవారితో నా సర్వీసంతా నెగ్గుకొచ్చాను. తెలుగు తనకు పూర్తిగా వచ్చనుకునే మంచివారితోనే నెగ్గలేకపోయాను.

మేడమ్ మధ్యేమార్గంగా, "ఈ మాట మీద ఒక నోట్ తయారుచేయండి" అన్నారు.

నోట్ కోసం నేను జగిత్యాల వెళ్లాను. ఖిల్లా దగ్గర మా పాత పేష్కారు గారు ఉండేవారు. నేను టైపిస్టుగా చేరినప్పుడు ఉర్దూ అక్షరాలు దిద్దించింది ఆయనే. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు.

"అసామీ కోసం గింత దూరం అచ్చినవా? నేను సచ్చిన్నని ఎవడన్న చెప్తే రాకపోదువు," అన్నారు.

"గట్ల కాదు బాపూ, ఒకరి ఇల్లు ఆగింది."

ఆయన ముఖం మారింది. కుర్చీలో సర్దుకుని చెప్పారు. "ఇది అరబ్బీ మాట. ఇస్మ్ అంటే పేరు. అస్మా అంటే పేర్లు. అసామీ అంటే గా పేర్లకే ఇంక బహువచనం. ఒట్టి పేర్ల కుప్ప, అంతే. మరి మనిషి ఎట్లయిండంటవా? సర్కారు దఫ్తర్ల మనిషి ఏడుంటడు బిడ్డా, పేరే ఉంటది. శిస్తు ఎవని పేరు మీదుంటే వాడు అసామీ. బాకీ ఎవని పేరు మీదుంటే వాడు అసామీ. కేసు ఎవని పేరు మీదుంటే వాడూ అసామీయే, మీ మేడమ్ చెప్పింది తప్పు కాదు."

"మరి గోదావరి సారు చెప్పింది?"

"గదీ తప్పు కాదు. శిస్తు పెద్దగ కట్టేటోని పేరు పెద్దగ ఇనవడుతది. ఇంకోటి రాసుకో. ఉర్దూ అఖ్బార్లల్ల నౌకరీని సుత అసామీ అంటరు. 'అసామీ ఖాలీ హై' అని ఇస్తిహారు పడుతది. మనిషి పోతడు, కుర్చీ ఉంటది, ఇంకొకడచ్చి కూసుంటడు."

బస్సులో తిరిగి వస్తూ చాలా సంతోషంగా ఉన్నాను. ఇన్నేళ్లు ఊరికే పోగుచేసిన మాటల్లో ఒకటి ఒకరికి పనికొస్తోంది. ఆ నోట్ రాసినంత శ్రద్ధగా నేను సర్వీసులో మరే కాగితమూ రాయలేదు.

మేడమ్ దాన్ని రెండుసార్లు చదివారు. సీనియర్ గారు ఒకసారి చదివి, "బావుందండీ, పత్రికకి పంపించండి" అన్నారు. చివరికి మేడమ్ ఒక దారి చెప్పారు. "మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. ఇప్పుడు ఆ మనిషి తనను తాను ఏమనుకుంటున్నాడో తెలియాలి. బహిరంగ విచారణలో అడుగుదాం. కార్మికుణ్ణి అని చెబితే కార్మికుడిగానే రాద్దాం. ఆయన జవాబే తక్కిన ఆసాములకు కూడా వర్తిస్తుంది."

నాకు న్యాయంగానే అనిపించింది. ఆవిడను ఇప్పటికీ తప్పు పట్టలేను.

సంగతి చెప్పడానికి షెడ్డుకు వెళ్లాను. ఆసామి సాంచలు ఆపి బయటికి వచ్చాడు. భార్య గడపలో కూర్చుంది.

"ఏం లేదు ఆసామీ. కార్మికునివా అని అడుగుతరు. అవును సార్, కార్మికుణ్ణి అనాలె. గంతే."

"గదెంత పని సార్. సాంచ నడుపుత లేనా ఏంది? కార్మికుణ్ణే."

"ఈయననా?" అంది భార్య. "సూడుండ్రి సార్, సభల గా మాట మింగకపోతే నన్నడుగుండ్రి. పెండ్లి సూపులల్ల మా నాయన ఏం పని జేస్తవు పిలగా అంటే భీవండిల మేనేజరన్నడు."

"నేనెప్పుడన్న మేనేజరని?"

"రా, మా నాయననే అడుగుదాం."

"మీ నాయన పోయి ఎన్నేండ్లాయె!"

"గందుకే ధీమగ మాట్లాడుతున్నవ్."

నవ్వింది. నవ్వు మధ్యలోనే దగ్గుగా మారింది. దగ్గు ఆగేదాకా ఆయన ఆమె వీపు రాస్తూ నిలబడ్డాడు. తర్వాత నాతో, "భీవండి అంటే యాదికచ్చింది సార్. ఆడ గేటు కాడ పనోళ్లను లోపటికి తోలే మరాఠీ ముకద్దం 'కితీ అసామీ, కితీ అసామీ' అంటుండె. మొదటి రోజు నా గుండె ఉబ్బింది. మా నాయన బతుకంత ఒక్కసారన్న ఆసామి అనిపించుకోలే, ఈ ఊర్ల మొదటి రోజే అంటుండ్రు అని. తర్వాత తెలిసింది, గదంటే ఎంత మంది అని అడుగుడట. తలకాయలు లెక్కవెడుతుండు."

లోపలి నుంచి ఆయన దగ్గర పనిచేసే యువకుడు తల బయటపెట్టి, "ఆసామీ, ఒక్కసారి అను, ఇంటం," అన్నాడు. ఆ యువకుడి దరఖాస్తు అప్పటికే మంజూరైంది. కార్మికుడు, ఏ అడ్డూ లేదు.

ఆసామి చేతులు కట్టుకుని నిలబడి, నన్నే అధికారి అనుకుని, "అవును సార్, కార్మికుణ్ణి" అన్నాడు. యువకుడు చప్పట్లు కొట్టాడు. భార్య కూడా.

విచారణ రోజు హాలు నిండింది. ఎవరి దగ్గర ఎవరు మజూరీకి నేస్తారో చెప్పడానికి సేట్లను కూడా పిలిచారు. వాళ్లకు ముందు వరసలో కుర్చీలు. ఆసాములు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఈయన భార్య తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. దమ్ముకు పీల్చుకునే పంపు పిడికిట్లో ఉంది. యువకుడు ఆమె పక్కన నిలబడ్డాడు. ఆసామి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. వద్దని చెప్పాల్సింది అనుకున్నాను. కాని బహిరంగ సభకు ఎవరైనా అట్లాగే వస్తారు.

పేరు పిలిచారు. ముందుకు వచ్చి నిలబడ్డాడు. సీనియర్ గారు కళ్లజోడు పైకి తోసుకుని అడిగారు.

"ఏవయ్యా, నువ్వు కూలివాడివేనా?"

ఆయన దృష్టిలో తేడా ఏమీ లేదు. ఆయన ఊళ్లో కూలివాడంటే కూలికి పనిచేసేవాడు. కాని సిరిసిల్లలో కార్మికుడు అన్న మాట వెనక సంఘం ఉంది, జెండా ఉంది, సమ్మె చేసి గెలిచిన పాత ముచ్చట్లు ఉన్నాయి. కూలోడు అన్న మాట వెనక ఏమీ లేదు. పెళ్లిళ్లలో ఆసామి తండ్రిని ఆఖరి బంతికి నెట్టిన మాట అది.

ముందు వరసలో ఆసామికి నూలిచ్చే సేటు కాలు మీద కాలు వేసుకుని చిన్నగా నవ్వాడు.

"చెప్పు ఆసామీ," అన్నాడు సేటు. "సారు అడుగుతుండు గద. కూలోనివేనా?"

నేను లేచాను. "సార్, కార్మికుడివా అని అడగాలని అనుకున్నాం."

"రెండూ ఒకటే కదండీ! మీరు కూర్చోండి, ఆయన నోట్లో మాటలు పెట్టకండి."

"ఒకటి కాదు సార్..."

"కూర్చోండి."

కూర్చున్నాను. ఆసామి సేటు వైపు చూశాడు. వెనక్కి తిరిగి తన దగ్గర పనిచేసే యువకుడి వైపు చూశాడు. ఆ పక్కనే ఉన్న భార్య వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో.

"కూలోణ్ణి గాదు సార్," అన్నాడు. "మా నాయన కూలోడు. నేను ఆసామిని."

వెనక గోడ దగ్గర ఎవరో "గదీ!" అన్నారు. అన్నవాడికి కూడా మరుక్షణమే అర్థమైనట్టుంది, ఆ మాటతో అందరి ఇళ్లూ పోయాయని.

"చూశారా, ఆయనే ఒప్పుకున్నాడు," అన్నారు సీనియర్.

మేడమ్ నా వైపు చూశారు. బోనులో నిలబడ్డవాడు ఒప్పుకున్నాక ఇక వాదన ఉండదని ఆవిడ భాషలో ఆ మాటే చెబుతుంది. "ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి," అన్నారు, గొంతు తగ్గించి. రాశాను. అనువాదం అక్కర్లేకుండా పోయింది. ఇంగ్లీషు మాట ముందే రాసి ఉంది కదా.

భార్య ఏడవలేదు. పంపు నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చి, లేచి బయటికి నడిచింది. నేను వరండాలోకి వచ్చేసరికి ఆసామి ఆమె చేతిసంచీ పట్టుకుని వెనకాల వస్తున్నాడు. మెట్ల మీద ఆగి ఆమె అంది, "మంచిగ చెప్పినవ్ ఆసామీ. నడువు ఇగ, నీ రాజ్జెం కాడికి పోదాం." ఆ మాటలో ఎంత విషం ఉందో అంత అలసట ఉంది.

తక్కిన ఆసాములు ఆయన్ని చుట్టుముట్టారు. "నీ ఒక్కని నోటికి అందరం మునిగినం గదరా!" అని ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకాయన ఆ చెయ్యి విడిపించి, "నువ్వైతే ఏమందువురా? సేటు ముంగట కూలోణ్ణి అందువా?" అన్నాడు. చొక్కా పట్టుకున్న ఆయన అదే చొక్కా మడత సవరించి వెళ్లిపోయాడు.

తర్వాత నేను పైకి రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. దరఖాస్తుదారు తాను యజమానినని స్వయంగా అంగీకరించినందున పునఃపరిశీలన అవసరం లేదు. ఆయన ఆ మాట అనలేదు. ఆసామిని అన్నాడు. కాని పై కార్యాలయానికి చేరింది ఇంగ్లీషు. ఆ తర్వాత కొద్దికాలానికే నేను దిగిపోయాను. వీడ్కోలు సభలో నా భాషాజ్ఞానాన్ని ఘనంగా మెచ్చుకుని శాలువా కప్పారు. కప్పింది సీనియర్ గారే.

ఆసామి మీద నాకు చాలా కాలం కోపం ఉండేది. ఒక్క మాట అంటే పోయేదేముంది, మీసం తెగి కింద పడేదా అని ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో. మా ఆవిడ విసిగి, "ఆయన కోసమా, మీ నోట్ కోసమా ఈ కోపం?" అంది ఒకసారి.

ఈ మధ్య ఒక పాత సహోద్యోగి ఇంట్లో పెళ్లికి సిరిసిల్ల వెళ్లాను. పెళ్లి అయ్యాక కాళ్లు అటే తీసుకెళ్లాయి. అదే వాడ, అదే షెడ్డు, అవే సాంచల చప్పుడు. ఎదురుగా చాయ్ బండి దగ్గర ఆసామి నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, లేదా నూలు దుమ్ము. నన్ను చూసి గ్లాసు కింద పెట్టి నమస్కారం పెట్టాడు.

"సాంచలు ఎట్ల నడుస్తున్నయి ఆసామీ?"

"నడుస్తున్నయి సార్. నేనే నడుపుతున్న. కాని నాయి గావు." షెడ్డు వైపు గడ్డంతో చూపించాడు. "నా కాడ పని జేసిన పిలగాడు లేడా, వానికే అమ్మిన. మందులకు, కిరాయికి ఆగలేకపోయిన. వానికి కార్మికుని కింద ఇల్లచ్చింది గద, ఇంటి కిరాయి తప్పింది, చేతుల నాలుగు పైసలు ఆగినయి. మంచోడే. నన్ను పనికి ఉంచుకున్నడు."

"మరి ఇప్పుడు నువ్వు కార్మికునివే గద. ఇంటికి మల్ల పెట్టుకోరాదు?"

"పెట్టిన. ఇండ్లు అయిపోయినయట."

"చెల్లె ఎట్లున్నది? ఆయాసం తగ్గిందా?"

"సారంగాపూర్ల ఉంటది సార్, వాళ్ల తమ్ముని ఇంట్ల. ఆడ సాంచలు లేవు, దుమ్ము లేదు. దమ్ము మంచిగాడుతుందట. నెలకోపారి నేనే పోత. నా అంగికి నూలుంటదని లోపటికి రానియ్యదు, బయట గద్దె మీద కూసోవెట్టి అన్నం పెడుతది." నవ్వాడు. "'ఆసామి అచ్చిండు, చెంబు నీళ్లియ్యి' అంటది మరదలితోని. మీరు గాక ఇంక నన్ను గా మాట అనేది అదొక్కతే."

నేను ఉండబట్టలేక అడిగాను. "ఆనాడు కార్మికుణ్ణని ఒక్క మాటంటే ఇద్దరూ ఒక్క కాడ ఉందురు గద."

ఆయన తొందరపడలేదు. గ్లాసులో అడుగున మిగిలిన చాయ్ తాగి, అప్పుడు అన్నాడు.

"సార్, మీరు సూపరింటెండెంటు. మీ కింద చేసినోళ్లు చూస్తుంటే, మీ పై సారు నిండు సభల 'నువ్వు చప్రాసివేనా' అని అడిగిండు. అవునంటే ఇల్లిస్తరు. అంటరా?"

"అంట," అన్నాను.

"అనరు సార్."

కోపంగా అనలేదు. అనుమానంగా కూడా అనలేదు. తెగిన పోగు ఎక్కడుందో చూపించినట్టు అన్నాడు.

షెడ్డులోంచి "ఏయ్! పోగు తెగింది!" అని అరుపు వినబడింది. సాంచల చప్పుడులో పేరు పిలిస్తే వినబడదు, అందుకే ఎవరినైనా ఏయ్ అనే అంటారు. ఆయన గ్లాసు బండి మీద పెట్టి, "పోయొస్త సార్" అని రోడ్డు దాటాడు.

ఏదో చెప్పాలనిపించింది. ఏమిటో నాకే తెలియదు. నాలుగడుగులు వెంట వెళ్లి, గడప దాకా చేరి, ఆయన వీపు చూస్తూ గట్టిగా పిలిచాను.

"ఆసామీ!"

ఆయన వెనక్కి తిరగలేదు. వంగి పోగు ముడి వేస్తున్నాడు. అవతలి సాంచ దగ్గర నిలబడ్డ, ఆ సాంచలు కొన్న యువకుడు తల తిప్పి, "ఏంది సార్?" అన్నాడు.